ఆ పని ఇప్పుడు ఎక్కడుంది?



2025 ఏప్రిల్ 12 శనివారం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు దేశమంతటా యూపీఐ చెల్లింపులు తడబడ్డాయి. కూరగాయల బండి దగ్గర, పెట్రోలు బంకులో, మందుల షాపులో జనం ఫోను చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. కొందరికి డబ్బు అసలు కదల్లేదు. కొందరికి డబ్బు పోయిందో లేదో అంతుపట్టలేదు. సుమారు ఐదు గంటల పాటు ఇదే అవస్థ. అప్పటికే మన దేశంలో నెలకు 1,800 కోట్లకు పైగా యూపీఐ లావాదేవీలు జరుగుతున్నాయి. అలాంటప్పుడు ఐదు గంటలు ఆగడమంటే ఎంతమంది పని ఆగినట్టో మీరే ఊహించుకోండి.

యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ తరవాత కారణం వెతికింది. డబ్బు పంపేవాళ్లు ఒక్కసారిగా పెరిగిపోవడం వల్ల వచ్చిన చిక్కు కాదది. కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు ‘ఫలానా లావాదేవీ ఏమైంది’ అని ఆపకుండా అడుగుతూ వచ్చాయి. ఎప్పుడో జరిగిన పాత లావాదేవీల గురించి కూడా అడిగాయి. జవాబు రావడం ఆలస్యమైతే మళ్లీ అడిగాయి. ఆ ప్రశ్నల వరదలో అసలు చెల్లింపులకు దారి లేకుండా పోయింది.

ఆ ప్రశ్నలు వేసింది మనుషులు కాదు. మనకు కనపడకుండా వెనక నడిచే ప్రోగ్రాములు. ఈ వెనక జరిగే పని గురించి, అందులో చిక్కు పడితే ఎలా విప్పాలన్న దాని గురించి ఇవాళ మాట్లాడతాను. నేను హైదరాబాదులోని హయత్‌నగర్ నివాసిని. వెబ్ అప్లికేషన్లలో ఇలాంటి చిక్కులు వెతకడం నా వృత్తి. కంప్యూటరు చదువుకోని వాళ్లకు కూడా ఈ సంగతి తెలియాలని నా కోరిక. ఎందుకంటే ఇవాళ పింఛను దగ్గర్నుంచి గ్యాసు బుకింగు దాకా, పరీక్ష ఫీజు దగ్గర్నుంచి ధాన్యం డబ్బుల దాకా మన పనుల్లో సగం అక్కడే జరుగుతున్నాయి. అక్కడే ఆగిపోతున్నాయి కూడా.

ముందు ఆ ఏర్పాటు ఏమిటో చూద్దాం. ఆర్టీసీ కార్గో కౌంటరులో పార్సిలు ఇస్తే మన చేతికి ఒక రసీదు వస్తుంది. రసీదు తీసుకుని మనం వెళ్లిపోతాం. పార్సిలు అక్కడ తన వంతు కోసం ఉంటుంది, బస్సు వచ్చాక ఎక్కుతుంది, అవతలి ఊళ్లో దిగుతుంది. అంతసేపూ మనం కౌంటరు ముందు నిలబడం. వెబ్ అప్లికేషనులోనూ ఇంతే. మీరు బటను నొక్కగానే ‘మీ దరఖాస్తు అందింది’ అని తెర మీద వస్తుంది. నిజానికి అప్పటికి అసలు పని మొదలై కూడా ఉండకపోవచ్చు. రసీదు తయారు చేయడం, మెసేజ్ పంపడం, బ్యాంకును అడిగి డబ్బు సంగతి తేల్చుకోవడం, ఇలా ఆలస్యమయ్యే పనులన్నీ ఒక వరుసలోకి వెళతాయి. ఆ వరుసను మేం క్యూ అంటాం. ఒక్కో పనిని టాస్క్ అంటాం, కొందరు జాబ్ అంటారు. క్యూలోంచి పని తీసుకుని చేసే ప్రోగ్రామును వర్కర్ అంటాం. మా ఆఫీసుల్లో పొద్దున్నే వినపడే మాటలు ఇవే. క్యూ నిండిపోయింది, వర్కర్ పడిపోయింది, జాబ్ స్టక్ అయింది.

మీ కళ్ల ముందు పేజీ తెరుచుకోకపోతే మీకు వెంటనే తెలుస్తుంది. మీరు అడుగుతారు, ఫోను చేస్తారు. వెనక క్యూలో పని ఆగిపోతే ఎవరికీ తెలియదు. తెర మీద ‘అందింది’ అనే ఉంటుంది. పని చేయించుకునే మనిషి ఎదురు చూస్తూ ఉంటాడు. ఆఫీసులో ఉన్న మనిషి అంతా సవ్యంగా ఉందనుకుంటాడు. ఇద్దరి మధ్యా ఆ పని దిక్కు లేకుండా పడి ఉంటుంది. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ నిశ్శబ్దమే.

ఇప్పుడు మా ప్రాంతంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. విజయవాడ జాతీయ రహదారి మీద హయత్‌నగర్ దాటి, ఔటర్ రింగు రోడ్డూ దాటి ముందుకు వెళితే బాటసింగారం వస్తుంది. కొత్తపేటలో ఏళ్ల తరబడి నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఇప్పుడు అక్కడే ఉంది. మామిడి సీజనులో రాత్రంతా లారీలు వస్తూనే ఉంటాయి. పొద్దున్నుంచి వేలం. బేనిషాను, దశేరి, హిమాయతు, తోతాపురి, దేని రాశి దానిదే. సరుకు అమ్ముడయ్యాక కమీషను దుకాణం వాళ్లు రైతుకు తక్‌పట్టీ ఇస్తారు. ఎంత బరువు, ఏ ధర, హమాలీ ఎంత, కమీషను ఎంత, చేతికి వచ్చేది ఎంత, అన్నీ అందులో ఉంటాయి. రైతుకు ఆ సీజను మొత్తం కష్టం ఆ చిన్న కాగితంలో తేలుతుంది.

అలాంటి ఒక దుకాణం, పేరు అవసరం లేదు, తక్‌పట్టీలకు ఒక చిన్న వెబ్ అప్లికేషను పెట్టుకుంది. వేలం జరుగుతుండగానే గుమాస్తా ట్యాబులో లాటు నంబరు, బరువు, ధర కొడతాడు. వెనక వర్కర్ తక్‌పట్టీ తయారు చేసి రైతు ఫోనుకు పంపుతుంది. ఇంతవరకు బాగానే నడిచింది. ఆ తరవాత కొత్తగా ఇంకో ఏర్పాటు చేర్చారు. సాయంత్రం ఆరు గంటలకు ‘ఇంత మొత్తం మీ ఖాతాలో వేశాం’ అని మరో మెసేజ్ వెళ్లాలి. పొద్దున ధర కొట్టినప్పుడే ఆ పనిని ఆరు గంటలకు అని రాసి క్యూలో పెట్టేస్తారు.

ఆ సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. ఒక రైతు దుకాణం యజమానితో అన్న మాట ఇది: “ఆరు కొట్టంగనే పది మెసేజ్‌లు ఒక్కపారే వచ్చినయ్ సేటూ. పైసలు మాత్రం ఒక్కసారివే పడ్డయ్. తక్కినయ్ ఏమైనయ్?” అడిగినదాంట్లో తప్పేముంది? పది సార్లు వేశామని దుకాణమే రాతపూర్వకంగా చెప్పింది. కమీషను వ్యాపారం అంతా నమ్మకం మీద నడుస్తుంది. లెక్క మీద ఒక్కసారి అనుమానం వచ్చిందంటే వచ్చే వారం లారీ పక్క దుకాణం ముందు ఆగుతుంది.

నన్ను చూడమని పిలిచేసరికి అక్కడ ఎవరి అనుమానం వాళ్లకుంది. గుమాస్తా బటను పదిసార్లు నొక్కాడని సేటు అనుమానం. “సార్, నేను ఒక్కసారే నొక్కిన” అని గుమాస్తా ఏడుపు ఒక్కటే తక్కువ. మెసేజ్‌లు పంపే కంపెనీదే తప్పని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల వాదన. అది పూర్తిగా కొట్టిపారేసే అనుమానమూ కాదు. 2021 మార్చి 8న వాణిజ్య మెసేజ్‌ల మీద కొత్త వడపోత మొదలైనప్పుడు దేశమంతటా ఓటీపీలు ఆగిపోయి, వారం పాటు ఆ నిబంధనను పక్కన పెట్టాల్సి వచ్చింది. మెసేజ్‌ల దారిలో ఏమైనా జరగొచ్చు. అంతలో ఎవరో సర్వర్ రీస్టార్టు చేయమన్నారు. వద్దని ఆపాను. రీస్టార్టు చేస్తే వర్కర్ చేతిలో అప్పుడు ఏ పనులున్నాయో ఆ ఆనవాలు చెరిగిపోతుంది. రోగం తగ్గినట్టే అనిపించి మర్నాడు మళ్లీ మొదలవుతుంది. చిక్కు వచ్చినప్పుడు మొదట చేయాల్సింది ఉన్నది ఉన్నట్టు చూడటం.

ఆ గుమాస్తా దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. కంప్యూటరు వచ్చినా ఆయన పాత అలవాటు మానలేదు. ఏ లాటు ఎన్ని గంటలకు అమ్ముడైందో అందులో పెన్నుతో రాసుకుంటాడు. ఆ రోజు అమ్మిన లాట్లను అందులో వెతికి, పక్కన ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో రాశాం. ఎనిమిది గంటలకు అమ్మిన లాటుకు పది మెసేజ్‌లు. పది గంటలకు అమ్మిన లాటుకు ఎనిమిది. పన్నెండింటికి అమ్మినదానికి ఆరు. సాయంత్రం ఐదుంపావుకు కొట్టిన చివరి లాటుకు ఒక్కటే.

ఆ అంకెలు చూశాక అక్కడున్న అందరికీ ఒకేసారి అర్థమైంది. ఆరింటికి ఎన్ని గంటల ముందు పని క్యూలోకి వెళ్లిందో అన్ని మెసేజ్‌లు వస్తున్నాయి. అంటే గంట గంటకూ ఏదో జరుగుతోంది. గుమాస్తా వేలు గంట గంటకూ నొక్కదు. మెసేజ్ కంపెనీకి మా లాటు ఎప్పుడు అమ్ముడైందో తెలియదు. తప్పు ఈ రెండు చోట్లా లేదు. క్యూలోనే ఉంది.

ఆ అప్లికేషను జాంగో అనే సాధనంతో రాసింది. వెనక పనులకు సెలెరీ అనే సాధనం, క్యూ దాచుకోవడానికి రెడిస్ అనే సాధనం వాడారు. రెండూ 2009లో వచ్చినవి. సెలెరీని నార్వేకు చెందిన ఆస్క్ సోలెమ్ మొదలుపెట్టాడు, రెడిస్‌ను ఇటలీకి చెందిన సాల్వతోరె శాన్‌ఫిలిప్పో రాశాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ కూడా జాంగో, సెలెరీల మీదే పెరిగింది. మామిడిపండ్ల దుకాణానికీ అవే పనికొచ్చాయి. ఎక్కడో ఎవరో రాసి అందరికీ వదిలిపెట్టిన పనిముట్టు మన ఊరి రైతు లెక్క దాకా చేరడం నాకెప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది.

సెలెరీ, రెడిస్ జంటలో ఒక నియమం ఉంది. వర్కర్ ఒక పనిని తీసుకున్నాక ‘అందుకున్నాను, ఇక నా పూచీ’ అని క్యూకు తెలపాలి. రెడిస్‌తో వాడినప్పుడు అందుకు ఇచ్చిన గడువు మామూలుగా ఒక గంట. గంటలోపు ఆ కబురు రాకపోతే వర్కర్ ఉన్న యంత్రం ఆగిపోయి ఉంటుందని, కరెంటు పోయి ఉంటుందని భావించి, ఆ పనిని మళ్లీ క్యూలో పెడతారు. చాలా మంచి ఉద్దేశం. యంత్రం ఆగిపోయినా పని పోకూడదు కదా. అయితే ఆరు గంటలకు చేయాల్సిన పనిని పొద్దున ఎనిమిదింటికే తీసుకున్న వర్కర్, దాన్ని చేతిలో పెట్టుకుని ఆరు దాకా ఆగుతుంది. చేయడం మొదలుపెట్టినప్పుడే కబురు చెబుతుంది. తొమ్మిదింటికి గడువు దాటింది. ఆ పని మళ్లీ క్యూలో పడింది. వర్కర్ మళ్లీ తీసుకుంది. పదింటికి మళ్లీ అదే. సాయంత్రం ఆరయ్యేసరికి ఒకే పని పది నకళ్లుగా పోగుపడింది. పదీ ఒకేసారి లేచాయి. ఈ హెచ్చరిక సెలెరీ వాడకం చెప్పే పత్రాల్లో స్పష్టంగా రాసే ఉంది. అవసరం పడేదాకా ఆ పేజీ ఎవరి కంటా పడలేదు.

గుమాస్తా నిర్దోషి అని తేలింది. సేటు ఆయన భుజం తట్టాడు. నాకు ఆ క్షణం చాలా ముఖ్యం. ఎందుకంటే వెనక జరిగే పనిలో తప్పు వస్తే నింద ఎప్పుడూ ముందు కూర్చున్న చిన్న ఉద్యోగి మీదే పడుతుంది. మీసేవ కౌంటరులో అమ్మాయి మీద, బ్యాంకులో క్లర్కు మీద, టికెట్టు కొట్టే కండక్టరు మీద. ఆ క్యూ వాళ్లకు కనపడదు. వాళ్ల చేతిలోనూ లేదు.

ఇక మందు. గంట గడువును పన్నెండు గంటలకు పెంచితే ఆ రోజుకు సరిపోతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అది నాకు నచ్చదు. రేపు ఎవరో ‘మర్నాడు పొద్దున పంపాలి’ అంటారు, రోగం తిరగబెడుతుంది. పైగా గడువు పెంచితే, నిజంగా యంత్రం ఆగిపోయినప్పుడు ఆ పని పన్నెండు గంటల దాకా ఎవరి చేతికీ రాదు. అందుకని రెండు మార్పులు చేశాం. ఆరు గంటల పనులను క్యూలో పెట్టడం మానేసి డేటాబేసులో ఒక పట్టికగా రాశాం. కొన్ని నిమిషాలకోసారి ఒక చిన్న ప్రోగ్రాము ఆ పట్టిక చూసి, వేళ అయినవాటినే క్యూలోకి పంపుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఒక లాటుకు ఒక రకం మెసేజ్ ఒక్కసారే అన్న నియమాన్ని డేటాబేసులోనే పెట్టాం. రెండోసారి ఎవరైనా పంపబోతే ‘ఇది ముందే వెళ్లింది’ అని అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడ ఒక నిజమైన ఇబ్బంది ఉంది, దాని దగ్గర కొంచెం ఆగుతాను. ‘వెళ్లింది’ అని ఎప్పుడు రాయాలి? పంపిన తరవాత రాస్తామనుకోండి. పంపాక, రాసేలోపు కరెంటు పోతే? తిరిగి లేచిన వర్కర్‌కు అది వెళ్లినట్టు తెలియదు, మళ్లీ పంపుతుంది. పోనీ, పంపే ముందే రాస్తామనుకోండి. రాశాక, పంపేలోపు కరెంటు పోతే? పంపినట్టు రాసి ఉంది, కానీ ఎప్పటికీ వెళ్లదు. ఈ సన్నటి సందును పూర్తిగా మూసే ఉపాయం మన ఒక్కరి చేతిలో లేదు. అవతలి యంత్రం వేరే చోట ఉంది, మధ్యలో తీగ ఉంది, ఆ తీగ ఏ క్షణానైనా తెగవచ్చు. కాబట్టి ఎంచుకోవాలి. మెసేజ్ అయితే ఇంకోసారి వెళ్లినా కొంప మునగదు, అసలు వెళ్లకపోవడమే నష్టం. అందుకని పంపిన తరవాత రాయడం మేలు. ఇది సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఒక్కడే కూర్చుని తేల్చే సంగతి కాదు. రైతుకు ఏది ఎక్కువ నష్టమో సేటును అడిగి, గుమాస్తాను అడిగి తేల్చాలి. మేం అలాగే అడిగాం.

అదే డబ్బు అయితే? రెండుసార్లు వెళ్లకూడదు, అసలు వెళ్లకుండానూ ఉండకూడదు. దీనికి ఉన్న ఒకే మంచి దారి, పని పుట్టినప్పుడే దానికొక సంఖ్య ఇవ్వడం. మళ్లీ అడిగినా అదే సంఖ్యతో అడగాలి. అవతలివాళ్లు ఆ సంఖ్య చూసి, ఇది ముందే చేశాం అని గుర్తుపట్టి, పాత జవాబునే తిరిగి ఇవ్వాలి. అలాంటప్పుడు ఎన్నిసార్లు అడిగినా జరిగేది ఒక్కసారే. బ్యాంకుల మధ్య లావాదేవీలకు విడివిడి సంఖ్యలు ఉండేది ఇందుకే. యూపీఐ రసీదులో మీకు కనపడే 12 అంకెల సంఖ్య కూడా ఆ కోవలోదే.

అదే దుకాణంలో ఇంకో చిన్న చిక్కు కూడా దొరికింది. అప్పుడప్పుడు ఒక లాటుకు తక్‌పట్టీ తయారయ్యేది కాదు. జరిగిన ప్రతి పనినీ ప్రోగ్రాము రాసుకునే చిట్టాను లాగు అంటాం. ఆ లాగులో చూస్తే ‘ఈ లాటు లేదు’ అని రాసి ఉండేది. తెర మీద చూస్తే లాటు ఉండేది. కారణం ఏమిటంటే, లాటు వివరాలు డేటాబేసులో పూర్తిగా ఖరారు కాకముందే పని క్యూలోకి వెళ్లిపోయేది. వర్కర్ ఖాళీగా ఉన్నప్పుడు క్షణంలో అందుకుని వెతికేది, అప్పటికి అక్కడ ఏమీ ఉండేది కాదు. రద్దీ ఉన్నప్పుడు మాత్రం సవ్యంగా నడిచేది. ఖరారయ్యాకే క్యూలోకి పంపే సదుపాయం జాంగోలో 2015 నుంచే ఉంది. ప్రోగ్రాములో ఒక్క పంక్తి మార్చితే ఆ చిక్కు పోయింది.

ఇలాంటివి వెతికేటప్పుడు లాగే ముఖ్యమైన ఆధారం. ఏ పని ఎప్పుడు పుట్టింది, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు మొదలైంది, ఎలా ముగిసింది, ఈ నాలుగూ ఆ పని సంఖ్యతో సహా రాసి ఉంటే చాలావరకు చిక్కు దానంతటదే విడిపోతుంది. సర్వరు గడియారం మన గడియారం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. చాలా సర్వర్లు ప్రపంచ ప్రామాణిక కాలం చూపిస్తాయి, అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. సాయంత్రం ఆరింటి సంగతి లాగులో మధ్యాహ్నం పన్నెండున్నర దగ్గర ఉంటుంది. ఇది తెలియక తప్పు చోట వెతుకుతూ రాత్రుళ్లు గడిపిన కుర్రవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు మళ్లీ యూపీఐ దగ్గరకు వస్తాను. బ్యాంకుల మధ్య ఈ అల్లిక మన నగరానికి పరాయిది కాదు. రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ మాసబ్‌ట్యాంకులో ఉంది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే జాతీయ ఆర్థిక స్విచ్‌ను 2004లో మొదలుపెట్టింది ఆ సంస్థే. 2009 చివర్లో దాన్ని ఎన్‌పీసీఐకి అప్పగించారు. 2016లో యూపీఐ వచ్చింది. ఒక బ్యాంకు అడగడం, ఇంకో బ్యాంకు జవాబివ్వడం, జవాబు రాకపోతే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం అప్పటి నుంచీ అదే.

జవాబు రాకపోతే మళ్లీ అడగడాన్ని మేం రీట్రై అంటాం. ఒక్కరు చేస్తే అది జాగ్రత్త. లక్షల యంత్రాలు ఒకేసారి చేస్తే అవతలి యంత్రం కుప్పకూలుతుంది. అసలే అలసి ఉన్న సర్వరు కాస్త ఆలస్యంగా జవాబిస్తుంది. ఆలస్యమైంది కాబట్టి అందరూ మళ్లీ అడుగుతారు. దాంతో ఇంకా ఆలస్యమవుతుంది. ఇంకా అడుగుతారు. ఏప్రిల్ 12న జరిగింది ఇదే తీరు. దీనికి తెలిసిన మందు ఉంది. మొదటిసారి జవాబు రాకపోతే ఒక నిమిషం ఆగాలి, రెండోసారి రెండు నిమిషాలు, తరవాత నాలుగు, తరవాత ఎనిమిది. అందరూ ఒకే క్షణాన మేలుకోకుండా ఆ వ్యవధిలో కొంచెం హెచ్చుతగ్గు పెట్టాలి. ఇన్నిసార్లకు మించి అడగకూడదని హద్దు పెట్టాలి.

ఎన్‌పీసీఐ కూడా ఈ దారికే వచ్చింది. 2025 మే నెలలో బ్యాంకులకు నిబంధనలు పంపి, జూలై ఆఖరుకల్లా అమలు చేయమంది. ఒక లావాదేవీ సంగతి అడగాలంటే కొంత వ్యవధి ఇచ్చాకే అడగాలి, రెండు గంటల్లో మూడుసార్లకు మించకూడదు. ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి ఖాతా నిల్వ చూడటం కుదరదు. నెల నెలా వాటంతటవే కట్ అయ్యే ఆటోపే చెల్లింపులను రద్దీ లేని వేళల్లోనే నడపాలి. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా రద్దీ వేళలు. నిల్వ చూడటానికి హద్దు ఏమిటని అప్పట్లో కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం అది సరైన పని అనిపించింది. ఇంకా ముందే రావాల్సింది.

ఎన్నిసార్లు అడిగినా తెమలని పని ఒకటి ఎప్పుడూ మిగులుతుంది. దాన్ని పారేయకూడదు, అలాగని క్యూలో తిప్పుతూనూ ఉండకూడదు. వేరే జాబితాలో పెట్టి మనిషికి చూపించాలి. బాటసింగారం దుకాణంలో ‘ఆగిన పనులు’ అని తెలుగులో ఒక పేజీ పెట్టాం. గుమాస్తా వేలం మొదలుకాకముందు అది తెరిచి చూస్తాడు. అందులో ఎక్కువగా కనపడేవి పెద్ద సాంకేతిక లోపాలేమీ కావు. రైతు ఫోను నంబరు మార్చుకుని ఉంటాడు, లేదా ఒక అంకె తప్పు పడి ఉంటుంది. గుమాస్తా ఆ ఊరి డ్రైవరును అడిగి సరైన నంబరు కనుక్కుని, మళ్లీ పంపే బటను నొక్కుతాడు. ఏ వర్కర్‌కూ చేతకాని పని అది.

నాలాంటి వృత్తిలో ఉన్న యువతీయువకులు ఈ ప్రసంగం వింటూ ఉంటే వాళ్లను ఒకటి కోరుతున్నాను. పని జరగలేదని ఎవరైనా అంటే వెంటనే మళ్లీ నడిపే బటను మీదికి వెళ్లకండి. ఆ పని ఇప్పుడు ఎక్కడుందో ముందు కనుక్కోండి. క్యూలోకి వెళ్లిందా? వెళితే ఎవరు తీసుకున్నారు? తీసుకుంటే ఎక్కడ ఆగింది? సగం జరిగి ఆగిందా? ఇవి తెలియకుండా మళ్లీ నడిపితే ఒక్క పార్సిలు పోయినచోట రెండు పోతాయి.

ఇక డబ్బు చిక్కుకున్నవాళ్లకు పనికొచ్చే సంగతి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఉంది. యూపీఐలో మీరు ఇంకో మనిషికి పంపిన డబ్బు మీ ఖాతాలో తగ్గి, అవతల పడకపోతే, మర్నాటికల్లా మీకు తిరిగి రావాలి. దుకాణదారుకు చేరాల్సినదైతే ఐదు రోజుల్లోపు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీరు అడగకపోయినా బ్యాంకు మీ ఖాతాలో వేయాలి. డబ్బు చిక్కుకున్నప్పుడు కంగారులో అదే మొత్తం మళ్లీ మళ్లీ పంపకండి. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అందులో ఉన్న 12 అంకెల సంఖ్యను కాగితం మీద రాసుకోండి. బ్యాంకుకు వెళ్లినా, ఫోను చేసినా ఆ సంఖ్యే చెప్పండి. మాటతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దానికీ ఒక నంబరు తీసుకోండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అందుకు రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఎలా రాయాలో చెబుతారు.